పక్కకు జరిగిన ముల్లు: ఒక నంబర్ 32 రైఫిల్ టెలిస్కోప్ కేస్ స్టడీ

పాత కొలత పరికరాలు బాగుచేయడం నా వృత్తి. సర్వే థియోడొలైట్లు, ఓడల సెక్స్టెంట్లు, మైక్రోస్కోపులు ఎక్కువగా వస్తాయి. ఆయుధాల సరంజామా ఎప్పుడో ఒకసారి. అందుకే ఒక మ్యూజియం వాళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ టెలిస్కోప్ పంపిస్తామన్నప్పుడు, అద్దాలు తుడిచి గ్రీజు మార్చి పంపేస్తే సరిపోతుంది అనుకున్నాను. చివరికి అద్దాలు తుడిచాను, గ్రీజు మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదన్నదే ఈ కేసు.

వచ్చినవి మూడు వస్తువులు. రంగు పెచ్చులూడిన రేకు డబ్బా, అందులో టెలిస్కోప్, దాన్ని పట్టుకుని ఉన్న ఇనుప బ్రాకెట్. వాటితో పాటు ఒక పేజీ కండిషన్ రిపోర్టు. అందులో వస్తువు పేరు "బ్రెన్ గన్ టెలిస్కోప్" అని ఉంది. దూరం డ్రమ్ము, అంటే లక్ష్యం దూరాన్ని బట్టి గురి ఎత్తు సర్దే గుండ్రటి పిడి, అరిగిపోయింది, క్లిక్కులు సమానంగా పడటం లేదట. లోపల గురి చూసే ముల్లు కిందికీ ఎడమకీ జరిగిపోయిందట, ఎప్పుడో కింద పడి ఉంటుందని ఊహ. టెలిస్కోప్ మీద ఒక నంబరు, బ్రాకెట్ మీద ఇంకో నంబరు ఉన్నాయి కాబట్టి ఇది ఎక్కడెక్కడివో కలిపిన సెట్టు అని తీర్పు. నన్ను అడిగిన పని: డ్రమ్ము సరిచేయాలి, ముల్లును మధ్యకు తేవాలి.

రిపోర్టు రాసినవారు అజాగ్రత్తగా రాశారని నేను అనను. కళ్లకు కనిపించింది కనిపించినట్టే రాశారు. మామూలు దుర్భిణిలో అయితే ఆ నాలుగు మాటల్లో మూడు నిజంగానే లోపాలు అయ్యేవి.

మొదటి రోజు చేసిన తప్పు

పార్సిల్ విప్పగానే నా చెయ్యి ఊరుకోలేదు. దూరం డ్రమ్ము పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిప్పాను. క్లిక్కులు నిజంగానే ఒక తీరుగా లేవు. అప్పుడు గుర్తొచ్చింది, తిప్పకముందు డ్రమ్ము ఏ అంకె మీద ఉందో రాసుకోలేదని. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి మాటే అది: ముందు ఫొటో, తర్వాతే చెయ్యి. నేనే తప్పాను.

అదృష్టం కొద్దీ మ్యూజియం వాళ్లు ప్యాక్ చేసేటప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయి. ఒకదాంట్లో డ్రమ్ము పక్క నుంచి కనిపిస్తోంది. పెద్దది చేసి చూస్తే గీతకు ఎదురుగా 8 ఉంది. గాలి డ్రమ్ము, అంటే పక్క గాలికి తగ్గట్టు గురిని ఎడమ కుడి సర్దేది, సున్నా మీద ఉంది. ఈ రెండు అంకెలు తర్వాత ఎంత పనికొచ్చాయో అప్పుడు తెలియదు. టెన్షన్ తగ్గిందని మాత్రం సంతోషించాను.

ఇది ఏ వస్తువు

రంగు కింద చెక్కిన అక్షరాలు ఉన్నాయి. వాటిని బయటపెట్టడానికి రంగు తియ్యలేదు. టార్చి లైటును గొట్టానికి దాదాపు ఆనించి, వాలుగా వెలుతురు పడేలా పెట్టి, లైటును చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీశాను. ఒక్కో ఫొటోలో ఒక్కో అక్షరం లేచింది. నంబర్ 32, మార్క్ 1, ఓ.ఎస్. 466 ఏ, 1942, బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తయిన బాణం ముద్ర, సీరియల్ నంబరు.

నంబర్ 32 టెలిస్కోప్‌ను మొదట బ్రెన్ తేలికపాటి మెషిన్ గన్ కోసమే రూపొందించారు. తొలినాటి బ్రెన్ బాడీకి ఎడమ పక్కన టెలిస్కోప్ బిగించడానికి ఒక డవ్‌టెయిల్, అంటే వాలు అంచుల గాడి, కూడా ఉండేది. తర్వాతి రకాల్లో దాన్ని తీసేశారు. ఈ టెలిస్కోప్ అసలు పనిలోకి దిగింది వేరేచోట, లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ మీద. స్నైపర్ల కోసం మార్చిన ఆ రైఫిల్ పేరు చివర టి అనే అక్షరం చేరింది. 1942 నుంచి ఈ మార్పిడి పనిలో ఎక్కువ భాగం లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ చేసింది. ధనికుల వేట తుపాకులకు పేరున్న ఆ సంస్థ యుద్ధకాలంలో 20,000కు పైగా రైఫిళ్లను ఇలా మార్చింది.

కాబట్టి "బ్రెన్ గన్ టెలిస్కోప్" అన్నది పూర్తి అబద్ధం కాదు, పుట్టుక కథ వరకు నిజమే. కానీ ఈ వస్తువు ఏ ఆయుధం మీద కూర్చుందో తేల్చేది బ్రాకెట్. దీనికి ముందొకటి, వెనకొకటి, చేత్తో తిప్పే రెండు పెద్ద స్క్రూలు ఉన్నాయి. అవి నంబర్ 4 రైఫిల్ బాడీకి ఎడమ పక్కన బిగించిన రెండు ప్యాడ్‌ల మీదకు సరిపోతాయి. బ్రెన్ డవ్‌టెయిల్ మీదకు ఇది ఎక్కదు. ఇలాంటి చోట పుస్తకంలో ఏముందన్నది రెండో ప్రశ్న. ఇనుము ఎక్కడ కూర్చుంటుందన్నదే మొదటి ప్రశ్న.

క్లిక్కులు ఎందుకు సమానంగా లేవు

ఈ ఒక్క విషయం మీదే నాకు వారం పట్టింది. అందులో మూడు రోజులు నా పద్ధతి తప్పు కావడం వల్లే పోయాయి.

డ్రమ్ము తిప్పితే లోపల ఒక లీడ్ స్క్రూ తిరుగుతుంది, అది గురిముల్లు ఉన్న చట్రాన్ని పైకీ కిందికీ నెడుతుంది. ఒక్కో క్లిక్కుకు ముల్లు ఎంత కోణం కదులుతోందో కొలిస్తే అరుగుదల సంగతి తేలుతుంది. కోణాన్ని ఇక్కడ నిమిషాల్లో చెబుతాం. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. పది మీటర్ల దూరంలో గోడ మీద ఒక నిమిషం అంటే సుమారు 2.9 మిల్లీమీటర్లు. గోడకు గీతల కాగితం అంటించి, టెలిస్కోప్‌ను వి ఆకారపు దిమ్మెల మీద పెట్టి లెక్కలు మొదలుపెట్టాను. ఒకే క్లిక్కుకు ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఇంకో అంకె. రిపోర్టు చెప్పినట్టే లోపల వదులు ఉందనిపించింది.

వదులు టెలిస్కోప్‌లో లేదు, నా కొలతలో ఉంది. ఈ టెలిస్కోప్‌కు ఫోకస్ సర్దే వీలు లేదు. అది చాలా దూరానికి కుదిర్చి పెట్టింది. పది మీటర్ల దగ్గర కాగితం బొమ్మ, ముల్లు ఒకే తలంలో పడవు. కన్ను రవ్వంత పక్కకు జరిగితే ముల్లు కాగితం మీద జరిగినట్టు కనిపిస్తుంది. పారలాక్స్ అంటే ఇదే. థియోడొలైట్లు బాగుచేసి బతికేవాణ్ణి దీన్ని మూడు రోజులు పట్టించుకోకపోవడం సిగ్గుచేటే.

తర్వాత కాగితం తీసేసి, కోణాలు కొలిచే థియోడొలైట్ తెచ్చాను. దాన్ని అనంత దూరానికి ఫోకస్ చేసి, టెలిస్కోప్ ముందు అద్దంలోకి ఎదురుగా చూసేలా నిలబెట్టాను. కన్ను పెట్టే వైపు నుంచి తెల్ల కాగితం మీద లైటు వేశాను. థియోడొలైట్‌లో గురిముల్లు నల్లగా, స్పష్టంగా కనిపించింది. ఇక నా కన్ను ఎటు జరిగినా కొలత మారదు. ముల్లు కొనను పట్టుకుని కోణం చదవడం, ఒక క్లిక్కు తిప్పడం, మళ్లీ చదవడం. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి.

అప్పుడు అంకెలు మాట్లాడాయి. మొదటి క్లిక్కులు ఒక నిమిషానికి అటూ ఇటూగా ఉన్నాయి. మధ్యలోకి వచ్చేసరికి పెరిగాయి. చివరి క్లిక్కులు నాలుగు నిమిషాలు దాటాయి. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ప్రతి క్లిక్కూ తన ముందుదాని కంటే కొద్దిగా పెద్దది. రెండోసారి కొలిస్తే అవే అంకెలు. అరుగుదల ఇంత క్రమంగా ఉండదు. అరిగిన గాట్లు ఒకచోట లూజు, ఇంకోచోట టైటుగా ఉంటాయి. ఇది కావాలని చేసిన వంపు.

కారణం మార్క్ 1 డ్రమ్ము అమరికలోనే ఉంది. దాని క్లిక్కు కోణానికి కాదు, దూరానికి. ఒక్కో క్లిక్కు 50 గజాలు. అంకెలు వందల గజాల లెక్క, 10 అంటే 1,000 గజాలు. ఈ లెక్క .303 మార్క్ 7 తూటాకు కట్టింది. 174 గ్రెయిన్ల ఆ బుల్లెట్టు గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 2,440 అడుగులు. గాలి ఆపుతూ ఉంటుంది కాబట్టి వెయ్యి గజాలు చేరేసరికి అందులో సగం వేగం కూడా మిగలదు. మొదటి 50 గజాలు దాటడానికి పట్టే సమయం కంటే చివరి 50 గజాలకు రెట్టింపుకు పైగా పడుతుంది. పైగా అప్పటికే అది కిందికి దిగే వేగం పుంజుకుని ఉంటుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ ప్రతి 50 గజాలకూ గురిని ఇంకా ఎక్కువ ఎత్తాలి. లోపల లీడ్ స్క్రూ మర మాత్రం సమానమైనదే. కాబట్టి క్లిక్కు పడే గాట్లే దూరదూరంగా జరగాలి. రిపోర్టులో "అరిగిపోయింది" అన్న మాట నిజానికి బుల్లెట్టు పడిపోయే తీరుకు ఇత్తడిలో వేసిన బొమ్మ.

గాలి డ్రమ్మును కూడా కొలిచాను. అది ప్రతి క్లిక్కుకూ సరిగ్గా రెండు నిమిషాలు కదిలింది. పక్క గాలికి దూరంతో ఇలాంటి లెక్క కుదరదు కాబట్టి అక్కడ సమాన క్లిక్కులే పెట్టారు. ఈ రెండు కొలతలూ మార్క్ 1కు సరిగ్గా సరిపోతాయి. 1943లో వచ్చిన మార్క్ 2లో రెండు డ్రమ్ములకూ ఒక నిమిషం క్లిక్కులు పెట్టారు. 1944లో వచ్చిన మార్క్ 3లో డ్రమ్ము స్కేలును స్క్రూ నుంచి విడదీసి సున్నాకు తిప్పుకునే ఏర్పాటు చేశారు. మార్క్ 1లో సున్నా కుదర్చడం, అంటే ఒక రైఫిల్‌కు గురి చూసిన చోటే తూటా పడేలా సర్దడం, ఎంత తలనొప్పో ఈ మార్పులే చెబుతున్నాయి. డ్రమ్ము మీది చిన్న స్క్రూలు వదులు చేసి, స్కేలు కదలకుండా పట్టుకుని, లీడ్ స్క్రూను ప్రత్యేక పనిముట్టుతో తిప్పి, మళ్లీ బిగించాలి. మనిషికి మూడో చెయ్యి ఉంటే బాగుండును అనిపించే పని.

నన్ను అడిగిన ప్రకారం ఆ క్లిక్కులు "సమానం" చేసి ఉంటే, 1942 నాటి మార్క్ 1 గొట్టంలో ఏ మార్కుకూ చెందని డ్రమ్ము మిగిలేది.

ముల్లు జరగడం వెనక కథ

ఈ టెలిస్కోప్ మూడు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం 19 మిల్లీమీటర్లు, కనిపించే వెడల్పు 9 డిగ్రీలు. దాంట్లో కింది నుంచి లేచే ఒక మొనదేలిన ముల్లు, దాని కొనను తాకుతూ ఒక అడ్డతీగ. ఇప్పటి రైఫిల్ టెలిస్కోపుల్లో డ్రమ్ము ఎంత తిప్పినా గురిగుర్తు కంటికి మధ్యలోనే ఉంటుంది. నంబర్ 32లో అలా కాదు. ముల్లే ఊరేగుతుంది. ఎక్కువ దూరానికి తిప్పితే కిందికి దిగుతుంది. గురి చూసేవాడు దాన్ని మళ్లీ లక్ష్యం మీదకు తేవడానికి గొట్టం ఎత్తుతాడు.

ముల్లు నిజంగా ఎంత జరిగిందో తేల్చడానికి ముందు మధ్య ఎక్కడో తెలియాలి. టెలిస్కోప్‌ను బ్రాకెట్ నుంచి తీసి, వి దిమ్మెల మీద పడుకోబెట్టి, దాని చుట్టూ అదే మెల్లగా దొర్లేలా తిప్పాను. దూరంగా కనిపించే ఒక కమ్యూనికేషన్ టవర్ మీద చూస్తుంటే ముల్లు కొన ఒక వృత్తం గీసింది. ఆ వృత్తం కేంద్రమే గొట్టం అక్షం. ఏ లెక్కలూ అక్కర్లేని ఈ పద్ధతి అంటే నాకు చాలా ఇష్టం.

దూరం డ్రమ్మును ఫొటోలో ఉన్నట్టు 8 మీద పెట్టాను. కొన అక్షానికి కింద, ఎడమగా పడింది, రిపోర్టులో రాసినట్టే. డ్రమ్మును 1 మీదకు తెచ్చాను. కొన పైకి లేచి నిట్టనిలువులో దాదాపు మధ్యకు వచ్చింది. అంటే "కిందికి జరిగింది" అన్నది లోపమే కాదు. ఎవరో చివరిసారి 800 గజాలకు పెట్టి వదిలేశారు, అంతే. అది సైనికుడో, డిపోలో తనిఖీ చేసినవాడో, తర్వాత సరదాగా తిప్పిన ఎవరి బంధువో చెప్పడానికి ఆధారం లేదు, నేను చెప్పను కూడా.

ఎడమవైపు జరగడం మాత్రం మిగిలింది. గాలి డ్రమ్ము సున్నా మీద ఉన్నా కొన 24 నిమిషాలు ఎడమగా ఉంది. కింద పడి వంగిందా అని గొట్టాన్ని దిమ్మెల మీద డయల్ గేజీతో చూశాను, వంపు లేదు. ముల్లు చట్రం లాగినా నెట్టినా కదలడం లేదు. డ్రమ్ము మీది చిన్న స్క్రూల తలల్లో పాత రంగు పగలకుండా ఉంది, అంటే ఆ రంగు వేశాక వాటిని ఎవరూ విప్పలేదు.

అప్పుడు తోచింది. రంగు చెక్కుచెదరని స్క్రూలు అంటే, డ్రమ్ముకూ లీడ్ స్క్రూకూ మధ్య ఉన్న సంబంధం ఆయుధశాల మిస్త్రీ బిగించినప్పటిదే. ఆ 24 నిమిషాలు దెబ్బ కాదు. ఒక ఫలానా రైఫిల్‌కు కుదిర్చిన సున్నా. నేను మొదటి రోజు డ్రమ్ము తిప్పినా ఆ సున్నాకు ఏమీ కాలేదు, ఎందుకంటే అది అంకెలో లేదు, స్క్రూల కింద ఉంది. అదే మ్యూజియం కోరినట్టు ముల్లును మధ్యకు తెచ్చి ఉంటే పది నిమిషాల్లో శాశ్వతంగా పోయేది.

కానీ ఇంకో ప్రశ్న వచ్చింది. కొత్తగా జత కలిపేటప్పుడు ప్యాడ్‌లు, బ్రాకెట్ జాగ్రత్తగా కుదిర్చి ఉంటే ముల్లు అక్షానికి దగ్గరగా ఉండాలి. ఇంత ఎడమకు ఎందుకు సర్దాల్సి వచ్చింది? ఈ టెలిస్కోప్ ఆ రైఫిల్‌కు మొదటిది కాదేమో.

నంబర్లు

బ్రాకెట్ మీది నంబరు టెలిస్కోప్ నంబరుతో కలవకపోవడం ఇక్కడ తప్పు కాదు, పద్ధతి. బ్రాకెట్ మీద కొట్టేది రైఫిల్ నంబరు. టెలిస్కోప్ నంబరును రైఫిల్ బట్టు, అంటే భుజానికి ఆనే వెనక కర్ర, మెడ మీద చెక్కలోకి కొట్టేవారు. టెలిస్కోప్ మారిస్తే పాత నంబరు మీద అడ్డగీత కొట్టి కొత్తది వేసేవారు. రెండూ ఒకే నంబరు అయి ఉంటేనే నేను అనుమానపడేవాణ్ణి.

మ్యూజియం వాళ్లకు బ్రాకెట్ నంబరు పంపి, మీ స్టోర్‌లో నంబర్ 4 రైఫిళ్లు ఉంటే బాడీ మీద నంబర్లు చూడండి అని రాశాను. వాళ్ల జాబితాలో స్నైపర్ రైఫిల్ లేదు, మామూలువే ఉన్నాయన్నారు. అయినా చూడమన్నాను. ఎడమ పక్క రెండు ప్యాడ్‌లు, బట్టు పైన చెంప ఆనించే చెక్క తాలూకు స్క్రూ రంధ్రాలు, బాడీ ఎడమ గోడ మీద టి అక్షరం, బట్టు అడుగున ఎస్51 అనే హాలండ్ అండ్ హాలండ్ గుర్తు, వీటిలో ఏది కనిపించినా ఫొటో పంపమన్నాను. పది రోజుల తర్వాత ఫొటోలు వచ్చాయి. చెంపచెక్క పోయి, రంధ్రాల్లో మైనం నింపేసిన ఒక రైఫిల్. వేరే దాత ఇచ్చిన వస్తువుగా నమోదైంది. బాడీ మీది నంబరు మన బ్రాకెట్‌దే.

బట్టు మెడ మీద రెండు నంబర్లు. పైదాని మీద అడ్డగీత. కిందది మన టెలిస్కోప్‌ది.

అడ్డగీత పడ్డ నంబరును ఎక్కడో చూసినట్టు అనిపించింది. రేకు డబ్బా తెచ్చి మూత పక్కన వాలు లైటు వేస్తే, మాసిన తెల్ల రంగులో అదే నంబరు. అంటే డబ్బా మొదటి టెలిస్కోప్‌తో వచ్చింది, అది పోయాక రెండోది అదే డబ్బాలో కాపురం పెట్టింది. ఆ 24 నిమిషాలకు ఇంతకంటే మంచి వివరణ నాకు అక్కర్లేదు: వేరే గొట్టానికి కుదిర్చిన రైఫిల్ మీద ఇంకో గొట్టం కూర్చుంది, మిస్త్రీ మిగిలిన తేడాను డ్రమ్ముతో సర్దాడు.

రిపోర్టులో లేని లోపం

అసలు లోపం ఎవరూ రాయనిది. గొట్టాన్ని పట్టుకునే బ్రాకెట్ కడియాలు ఒక్కోటీ రెండు ముక్కలు, కింది సగం, పై కప్పు. రెండూ కలిపి తొలిచినవి, అందుకే జత తప్పకుండా వాటి మీద చిన్న అంకెలు కొడతారు. వెనక కడియం అంకెలు కలిశాయి. ముందు కడియంలో కప్పు మీది అంకె వేరు. బిగిస్తే ఒక పక్క వెలుతురు కనిపిస్తోంది, ఇంకో పక్క గొట్టాన్ని కొరుకుతోంది. గొట్టం మీద సన్నటి మెరిసే గీత అప్పటికే పడింది. గీత అంచులు కొత్తగా ఉన్నాయి, కాబట్టి ఈ కప్పు మారింది సైన్యంలో కాదు, ఈ మధ్యే.

సరైన కప్పు దొరకదు. దీన్ని అరగదీసి కుదర్చను. కప్పు కింద పలుచటి పాలియెస్టర్ ఫిల్మ్ పట్టీ పెట్టి, స్క్రూలు చేతి వేళ్లతో ఆగేంత వరకే బిగించి, "ఇంకా బిగించవద్దు" అని చీటీ కట్టాను. అద్దాల బయటి ముఖాలు తుడిచాను. లోపల పాత గ్రీజు గట్టిపడుతోంది గానీ ఇంకా కదులుతోంది. దాన్ని మార్చాలంటే డ్రమ్ము స్క్రూలు విప్పాలి, రంగు పగులుతుంది, సున్నా పోతుంది. వద్దన్నాను. మ్యూజియం వాళ్లు మొదట ఒప్పుకోలేదు, డబ్బులిచ్చింది బాగుచేయమని కదా అన్నారు. కొలతల పట్టిక, దొర్లించి చూసిన ఫొటోలు పంపాక సరేనన్నారు.

కొత్త నమోదులో వస్తువు పేరు నంబర్ 32 మార్క్ 1, నంబర్ 4 టి రైఫిల్‌ది, రెండో టెలిస్కోప్ అని రాయించాను. రైఫిల్, టెలిస్కోప్, డబ్బా ఇప్పుడు ఒకే నమోదు కింద ఉన్నాయి. పంపే ముందు దూరం డ్రమ్మును మళ్లీ 8 మీదకు తిప్పి, ఫొటో తీసి పెట్టెలో పెట్టాను.